సికిల్ సెల్ ఎవరి జబ్బు? మూడోసారి వచ్చేదాకా నేను గుర్తుపట్టలేదు

ఈ ఎపిసోడ్‌లో జెనెటిక్స్ గురించి మాట్లాడుకుందాం. పేరు వినగానే స్కిప్ కొట్టకండి. బైపీసీలో చదివిన మెండెల్, బఠాణీ మొక్కలు మళ్ళీ చెప్పను. ఇవాళ చెప్పేది నేను చేసిన ఒక తప్పు గురించి. ఆ తప్పు నా ఒక్కదానిదే కాదని తర్వాత అర్థమైంది. కానీ ముందు నాదే.

నేను డాక్టర్ని. ప్రస్తుతం జెనెటిక్ కౌన్సెలింగ్ చేస్తున్నాను. అంటే కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే జబ్బుల గురించి, టెస్టుల గురించి వాళ్ళతో కూర్చుని మాట్లాడటం నా పని. ఏడేళ్ళ కిందట నేను ఒక పెద్ద ఆసుపత్రి పిల్లల వార్డులో హౌస్ సర్జన్ని. ఒక రాత్రి ఏజెన్సీ నుంచి ఒక తల్లి తొమ్మిదేళ్ళ కొడుకుని తీసుకొచ్చింది. రెండు తొడలు, నడుము పట్టుకుని ఏడుస్తున్నాడు. ఆమె మాట్లాడేది కువి భాష. తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. "నొప్పి, నొప్పి" అని మాత్రం చెప్పగలుగుతోంది.

కాళ్ళు చూశాను. వాపు లేదు, దెబ్బ లేదు. జ్వరం కూడా లేదు. సీనియర్ని అడిగితే "ఏం లేదమ్మా, గ్రోయింగ్ పెయిన్స్. సిరప్ రాసి పంపెయ్" అన్నారు. పంపేశాను.

నెల తర్వాత మళ్ళీ వచ్చారు. అదే నొప్పి. ఈసారి వార్డులో ఎవరో "బడి ఎగ్గొట్టడానికి నాటకం" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మాట చెప్పకుండా ఈ ఎపిసోడ్ చేస్తే మీకు అబద్ధం చెప్పినట్టే.

మూడోసారి వాడిని ఎత్తుకొచ్చారు. జ్వరం, ఛాతీలో నొప్పి, ఊపిరి అందట్లేదు. ఆక్సిజన్ పెట్టాం. అప్పుడు డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు నా పక్కకి వచ్చి మెల్లగా అంది: "మేడమ్, మా వైపు పిల్లలకి ఇలా వస్తే సికిల్ టెస్ట్ చేయిస్తారు. ఒకసారి పంపిద్దామా?" ఆవిడది కూడా ఏజెన్సీనే. కువి వచ్చు. తల్లితో మాట్లాడి, ఆమె చెప్పింది నాకు తెలుగులో చెప్పింది: "మూడేళ్ళ నుంచి ఇలాగే ఉందంట మేడమ్. చలికాలంలో ఎక్కువంట. వీడి అక్క కూడా ఇలాగే నొప్పులతో పోయిందంట."

ఈ ముక్క మొదటి రాత్రే అడగాల్సింది. మొదటి రాత్రి ఆవిడ పక్క వార్డులోనే ఉంది. ఎవరికైనా కువి వచ్చా అని నేనెవర్నీ అడగలేదు.

టెస్ట్ చేశాం. సికిల్ సెల్.

ఇప్పుడు మీరడుగుతారు: "మీరు చదువుకోలేదా?" చదివాను. పరీక్షలో రాశాను, మంచి మార్కులు కూడా వచ్చాయి. హిమోగ్లోబిన్ తయారుచేసే బీటా గ్లోబిన్ జీన్‌లో ఒక్క అక్షరం మారుతుంది. ప్రొటీన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ ఉండాల్సిన చోట వాలీన్ వస్తుంది. దాంతో ఆక్సిజన్ తగ్గినప్పుడు గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. అలాంటి కణాలు సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకకి రక్తం అందక నొప్పి పుడుతుంది. ఇదంతా నోటికొచ్చు. కానీ నేను చదివిన పుస్తకాల్లో, చూసిన స్లైడ్స్‌లో ఉన్నది ఆఫ్రికా పిల్లలు, అమెరికాలోని నల్లజాతి పిల్లలు. నా బుర్రలో అది "వాళ్ళ జబ్బు"గా సేవ్ అయిపోయింది. ఎదురుగా మన కొండల నుంచి వచ్చిన పిల్లాడు ఏడుస్తుంటే ఆ ఫైల్ ఓపెన్ కాలేదు.

నిజానికి ఈ జబ్బుకి చర్మం రంగుతో సంబంధం లేదు. మలేరియాతో ఉంది. అమ్మానాన్నల్లో ఒకరి నుంచి మాత్రమే ఈ జీన్ వస్తే మనిషి మామూలుగా బతుకుతాడు. పైగా ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. అందుకే మలేరియా తీవ్రంగా ఉన్న చాలాచోట్ల ఈ జీన్ నిలబడింది. ఆఫ్రికాలో ఉంది, అరేబియాలో ఉంది, గ్రీస్‌లో, సిసిలీలో కూడా ఉంది. మన దేశంలో 1952లోనే నీలగిరి కొండల ఆదివాసుల్లో ఉందని శాస్త్రవేత్తలు రాశారు. అంటే నేను పుట్టకముందే తెలిసిన విషయం. కానీ నా క్లాస్‌రూమ్‌కి చేరలేదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. ఈ జబ్బు మొదటిసారి వైద్య పత్రికకెక్కింది 1910లో. రాసినాయన చికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్. ఆ పేషెంట్ పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. కరీబియన్ దీవి గ్రెనడా నుంచి దంతవైద్యం చదవడానికి చికాగో వచ్చిన నల్లజాతి కుర్రాడు. 1904 చివర్లో అతను ఆసుపత్రిలో చేరినప్పుడు రక్తాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి, ఆ వింత ఆకారపు కణాల్ని చూసింది ఎవరో తెలుసా? ఎర్నెస్ట్ ఐరన్స్ అనే ఇంటర్న్. అంటే మన భాషలో హౌస్ సర్జన్. నా పోస్టే. ఆ జబ్బుకి అప్పటికి పేరు కూడా లేదు. అతను రక్తం చూశాడు. నూరేళ్ళకు పైగా గడిచాక, అన్ని పుస్తకాలూ ఉన్న నేను చూడలేదు. నోయెల్ చదువు పూర్తిచేసి, సొంత దీవికి వెళ్ళి దంతవైద్యం చేశాడు. 1916లో న్యుమోనియాతో చనిపోయాడు. 32 ఏళ్ళే.

సరే, ఇది ఒక డాక్టర్ మతిమరుపు, ఒక జబ్బు కథ మాత్రమేనా? కాదు. జెనెటిక్స్‌లో మొత్తంగా ఇదే సమస్య. ఏ జీన్ మార్పు వల్ల ఏ జబ్బు వస్తుందో తేల్చాలంటే వేలమంది డీఎన్‌ఏ పోల్చి చూడాలి. 2009లో లెక్కేస్తే, అలాంటి పరిశోధనల్లో ఉన్నవాళ్ళలో 96 శాతం యూరప్ మూలాలవాళ్ళే. 2016లో మళ్ళీ లెక్కేస్తే 81 శాతం. తగ్గింది కదా అనొచ్చు. కానీ ప్రపంచ జనాభాలో వాళ్ళ వాటా ఎంతో ఒకసారి ఆలోచించండి.

దీనివల్ల నష్టం ఏంటి? ఒక ఉదాహరణ చెప్తాను. గుండె కండరం మందంగా అయ్యే ఒక వంశపారంపర్య జబ్బు ఉంది. అమెరికాలో కొంతమంది నల్లజాతివాళ్ళకి టెస్ట్ చేసి "మీలో ఈ జబ్బు తెచ్చే జీన్ మార్పు ఉంది" అని రిపోర్ట్ ఇచ్చారు. తర్వాత చూస్తే, ఆ మార్పులు నల్లజాతివాళ్ళలో మామూలుగా కనిపించేవే. హాని లేనివి. మరి ఎందుకు పొరబడ్డారు? పోల్చడానికి పెట్టుకున్న ఆరోగ్యవంతుల గుంపులో నల్లజాతివాళ్ళు దాదాపు లేరు కాబట్టి. ఈ సంగతి 2016లో ఒక అధ్యయనం బయటపెట్టింది. కొద్దిమందిని చేర్చుకున్నా ఆ తప్పు ముందే తెలిసిపోయేది. లేని జబ్బు ఉందని భయపడుతూ బతకడం ఎలా ఉంటుందో ఊహించండి.

మన తెలుగువాళ్ళ దగ్గరకొద్దాం. ఆపరేషన్‌కి మత్తిచ్చేటప్పుడు, గొంతులో ట్యూబ్ వేయడానికి కండరాలు కాసేపు వదులయ్యేలా సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. మామూలుగా దాని ప్రభావం కొన్ని నిమిషాల్లో పోతుంది. కానీ ఆ మందుని విరగ్గొట్టే ఎంజైమ్ లేనివాళ్ళకి గంటల తరబడి ఉంటుంది. సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ కావాలి. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. అందుకే మన దగ్గర మత్తు డాక్టర్లు ముందే అడిగి జాగ్రత్తపడతారు.

2017లో హైదరాబాద్ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణాసియాలోని 263 సమూహాల డీఎన్‌ఏ చూశారు. వాటిలో 81 సమూహాలు ఒకప్పుడు కొద్దిమంది పూర్వీకులతో మొదలై, తర్వాత లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ పెరిగినవని తేలింది. అలాంటి చోట కొన్ని అరుదైన జబ్బులు ఎక్కువగా బయటపడతాయి. వైశ్యుల ఎంజైమ్ సంగతి ఆ పేపర్లో ఒక ఉదాహరణ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. "ఆ కులానికి ఆ జబ్బు" అని స్టేటస్ పెట్టకండి. కులం వల్ల జబ్బు రాదు. తరతరాలుగా ఒకే గుంపులో పెళ్ళిళ్ళ వల్ల ఒక జీన్ ఎక్కువమందికి చేరింది, అంతే. గుంపులో చాలామందికి అది ఉండదు, బయటివాళ్ళలో కొందరికి ఉంటుంది. డాక్టర్ అడగాల్సింది జాగ్రత్త కోసం. ముద్ర వేయడానికి కాదు.

ఈ ముద్ర సంగతి చిన్నది కాదు. 1970ల్లో అమెరికాలో కొన్ని రాష్ట్రాలు నల్లజాతివాళ్ళకి సికిల్ టెస్ట్ తప్పనిసరి చేశాయి. జబ్బు లేకుండా ఒక్క జీన్ మాత్రమే ఉన్నవాళ్ళని కూడా రోగులుగా చూశారు. ఉద్యోగాల్లో, ఇన్సూరెన్స్‌లో వివక్ష ఎదురైంది. మన దేశంలో 2023 జులైలో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలైంది. 40 ఏళ్ళలోపు ఏడు కోట్లమందికి పరీక్షలు చేసి, 2047 నాటికి ఈ జబ్బుని ప్రజారోగ్య సమస్య కాకుండా చేయాలన్నది లక్ష్యం. చాలా మంచి పని. పరీక్ష చేశాక కార్డు ఇస్తారు. నా దగ్గరకొచ్చే కుటుంబాల్లో ఆ కార్డు చూసి "మా అమ్మాయికి పెళ్ళవుతుందా మేడమ్?" అని అడిగేవాళ్ళున్నారు. గమనించండి, అబ్బాయి కార్డు గురించి ఆ ప్రశ్న చాలా తక్కువగా వస్తుంది.

వాళ్ళకి చెప్పేదే మీకూ చెప్తాను. ఒక్క జీన్ ఉంటే అది జబ్బు కాదు. ఇద్దరికీ ఒక్కొక్కటి ఉండి పెళ్ళి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. "నలుగురిలో ఒకరికి వచ్చేసింది, ఇక భయం లేదు" అనుకోకూడదు. ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఇది తెలుసుకుని నిర్ణయం తీసుకోవాల్సింది ఆ ఇద్దరే. ఊరు కాదు.

మరి మెడికల్ కాలేజీల్లో ఏం మారాలి? నాకు మూడు విషయాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, క్లాసులో చూపించే మనుషులు. కామెర్లు, రక్తహీనత, దద్దుర్లు తెల్ల చర్మం మీద ఒకలా, మన చర్మం మీద ఒకలా కనిపిస్తాయి. లండన్‌లోని సెయింట్ జార్జ్స్‌లో మలోన్ ముక్వెండే అనే మెడికల్ స్టూడెంట్‌కి ఇదే అనుమానం వచ్చింది. తన టీచర్లతో కలిసి 2020లో నలుపు, చామనఛాయ చర్మం మీద జబ్బు గుర్తులెలా ఉంటాయో ఒక హ్యాండ్‌బుక్ తయారుచేశాడు. స్టూడెంట్‌గా ఉండగానే! మన స్టూడెంట్స్ కూడా "సార్, ఇది మన దగ్గర ఎలా కనిపిస్తుంది?" అని అడగొచ్చు కదా.

రెండు, భాష. "ఎక్కడ నొప్పి? ఎన్నాళ్ళ నుంచి? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" ఈ మూడు ప్రశ్నలు కువిలో, గోండిలో, కోయలో నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. నాకు ఆ సాయంత్రం ఎవరూ ఇవ్వలేదు. నేనూ తీసుకోలేదు.

మూడు, బెంచీల మీద ఎవరు కూర్చుంటున్నారు అన్నది. ఏజెన్సీ నుంచి వచ్చిన నర్సుకి తెలిసింది నాకు తెలియలేదు. అలాంటి ఊళ్ళ నుంచి డాక్టర్లు రావాలి, వచ్చాక నిలబడాలి. తెలుగు మీడియం అని, రిజర్వేషన్ సీటు అని హాస్టల్లో వేసే జోకులు ఆగాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది. వైకల్యం శాతం ఒక్కటే చూసి మెడికల్ సీటు కాదనకూడదని, ఆ విద్యార్థి కోర్సు చేయగలరా లేదా అన్నది చూడాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. నోయెల్ లాంటి స్టూడెంట్ ఇవాళ మన కాలేజీకి వస్తే ఆ తీర్పు పనికొస్తుంది.

డేటా వైపు కూడా కదలిక ఉంది. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్ట్ దేశంలోని వేర్వేరు సమూహాల నుంచి పదివేలమంది జీనోమ్‌లు చదివింది. 2025 జనవరి నుంచి పరిశోధకులు ఆ డేటా వాడుకోవచ్చు. ఇంత పెద్ద దేశానికి పదివేలు ఆరంభం మాత్రమే. కానీ పోల్చి చూడటానికి మనవాళ్ళంటూ ఉన్నారు.

చివరగా, మీ ఫోన్‌లో నోట్ చేసుకోండి. పిల్లలకి మళ్ళీ మళ్ళీ ఎముకల నొప్పులు, కళ్ళు పచ్చబడటం, రక్తం తగ్గడం ఉంటే సికిల్ టెస్ట్ గురించి డాక్టర్ని అడగండి. ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా తీసుకుని ఉంటే మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి. ఎవరైనా "నొప్పి" అంటే నాటకం అనకండి.

ఆ పిల్లాడు బతికాడు. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర మొదలుపెట్టాక నొప్పులు బాగా తగ్గాయి. కానీ అప్పటికే ఒక తుంటి ఎముక దెబ్బతింది. కుంటుతూ నడుస్తాడు. మొదటి రాత్రే కనిపెడితే తుంటి బాగుండేదా? ఏమో. కనీసం ఆ రెండు నెలల నొప్పి తప్పేది. ఇప్పుడు ఇంటర్, బైపీసీ. మొన్న చెకప్‌కి వచ్చినప్పుడు "మేడమ్, నాకు నీట్ రాయాలనుంది, రాయనిస్తారా?" అని అడిగాడు. రాయనిస్తారు అని చెప్పాను. ఆ మాట నిలబెట్టే పని ఇప్పుడు మనందరిదీ.

మీ ఇంట్లో, మీ కాలేజీలో ఇలాంటి అనుభవం ఉంటే చెప్పండి. ఉంటాను ఫ్రెండ్స్.