సొర చేప సంగతి మామిడి రైతుకెందుకంటే
(నూజివీడు రైతు సదస్సులో చేసిన ప్రసంగం)



నూజివీడులో సొర చేపల గురించి ప్రసంగమేమిటని మనలో కొందరు నవ్వారు. ఇక్కడ మాట్లాడితే రసాల ధర గురించి మాట్లాడాలి, బంగినపల్లికి కోసే సూటు గురించి మాట్లాడాలి అన్నారు. అవీ మాట్లాడుకుందాం, మధ్యాహ్నం అంతా దానికే ఉంది. ముందు ఇది వినండి.

సముద్రంలో కవళ్లు, నెత్తళ్లు ఉన్నాయి. అవి మనకు గోంగూర మడి లాంటివి, కోసినా మళ్లీ చిగురేస్తాయి. సొర, టేకు చేపలు అలా కాదు. అవి మామిడి తోట. అంటు కట్టిన మొక్క పెడితేనే నాలుగైదేళ్లు ఆగాలి, టెంక నాటితే ఇంకా ఆగాలి. సొరల్లో చాలా రకాలు మిగతా చేపల్లా లక్షల గుడ్లు వదలవు. నెలల తరబడి కడుపులో మోసి కొద్ది పిల్లల్నే కంటాయి. మాంటా అనే పెద్ద టేకు ఒక ఈతకు ఒక్క పిల్లనే పెడుతుంది, మళ్లీ ఈనడానికి ఏళ్లు పడుతుంది. వేల్ షార్క్ ఈడుకు రావడానికి పాతికేళ్లు దాటుతుందని శాస్త్రవేత్తల అంచనా. తోట నరికి కలప అమ్ముకున్నవాడికి ఆ ఏడాది డబ్బు బాగానే కనిపిస్తుంది. తర్వాత ఏడాది ఏం కోస్తాడు?

1970 నుంచి నడిసముద్రపు సొరలు, టేకులు 71 శాతం తగ్గిపోయాయని 2021లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. గిలకలదిండి రేవులో మాతో మాట్లాడిన పెద్దాయన ఆ లెక్క చదవలేదు. రంపం మూతి చేప వలలో పడితే వల విప్పడానికి పూట పట్టేదని, తన కొడుకు దాన్ని ఒక్కసారి కూడా చూడలేదని చెప్పాడు. రెండూ ఒకటే లెక్క.

ఎవరు తగ్గించారు? బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెట్టే తల్లి కాదు. ఇంట్లో సొర పుట్టు చేసుకునే వాళ్లమూ కాదు. పరాయి దేశాల విందుల్లో రెక్కల సూపు కోసం జరిగిన వ్యాపారం ఒకటి. అడుగంతా ఊడ్చుకుపోయే ట్రాలు వల రెండోది. దానికి పిల్ల సొర, తల్లి సొర తేడా లేదు. మన రాష్ట్రంలో 1994 చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సముద్రం తెప్పలకు, నాటు పడవలకు వదిలేయాలి, మర బోట్లు రాకూడదు. ఆ గీత ఎంత గట్టిగా అమలవుతోందో ఇక్కడ కూర్చున్న జాలరి మిత్రుల్ని అడగండి. మనకు మద్దతు ధర అమలైనంత.

ఇక ప్రభుత్వం చేసిన పని చూడండి. 2001 జులైలో సొరలు, టేకులు అన్నిటినీ ఒక్క కలంపోటుతో వన్యప్రాణి చట్టంలోకి తెచ్చారు. పులిని చంపితే ఏ శిక్షో వలలో పడ్డ సొరకూ అదే శిక్ష. తీరమంతా గొడవైంది. డిసెంబరు కల్లా వెనక్కి తగ్గి పది రకాలకు కుదించారు. ఆర్నెల్ల ముందు ఆ జాలర్లతో కూర్చుని ఉంటే ఈ తతంగం ఉండేది కాదు. తర్వాత 2013లో రెక్కలు కోసి మొండెం సముద్రంలో పారేయకూడదన్నారు, 2015లో రెక్కల ఎగుమతి ఆపారు. ఈ రెండూ మంచివే, వ్యాపారం మెడ పట్టుకున్నాయి. 2022 సవరణతో రక్షిత జాబితాను ఇంకా పెంచారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మొదటి షెడ్యూలు జీవిని పట్టారని రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. జాబితాలో ఉన్న పేర్లేమో లాటిన్‌లో. రాత్రి రెండు గంటలకు, లాంతరు వెలుగులో, ఈ టేకు ఏ షెడ్యూలుదో తేల్చుకోమంటే ఎలా?

కొల్లేరు మనకు ఎంతో దూరం లేదు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 2006లో చెరువు గట్లు పేల్చేశారు. సరస్సు బతకాలి, అందులో మనకు తగాదా లేదు. పెద్ద చెరువుల వాళ్లు వేరే దారి చూసుకున్నారు, లంక గ్రామాల కూలీలు మిగిలిపోయారు. ప్రాణుల్ని కాపాడే పని ఎప్పుడూ పేదవాడి గట్టు దగ్గరే ఎందుకు మొదలవుతుందని అడగడం తప్పు కాదు.

వేరే దారి ఉంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వేల్ షార్క్ వలలో పడింది. టన్నుల బరువు. మత్స్యకారులు, అటవీ శాఖ వాళ్లు, వన్యప్రాణి ప్రేమికులు కలిసి దాన్ని ప్రాణాలతో తిరిగి సముద్రంలోకి తోలారు. గుజరాత్‌లో ఇదే చేపను ఒకప్పుడు వందల్లో వేటాడేవారు. ఇప్పుడక్కడ వల కోసి వదిలేస్తే అటవీ శాఖ ఆ వల ఖర్చు ఇస్తుంది. వల అంటే మనకు ఎడ్ల జత లాంటిది. అప్పు తెచ్చి కొన్నది, దాన్ని ఊరికే కోసుకోమంటే ఎవరూ కోసుకోరు.

అందుకే ఈ సంఘం తరఫున మేము అడిగేది పెద్దదేం కాదు. రక్షిత చేపల బొమ్మలు, తీరంలో వాడే పేర్లతో తెలుగులో ప్రతి రేవులో పెట్టాలి. బందరులో ఒక పేరు, ఉప్పాడలో ఒక పేరు ఉంటే రెండూ రాయాలి. వల కోసి వదిలినవాడికి వారంలో డబ్బు అందాలి, ఫైలు తిరిగి తిరిగి రావడం కాదు. ప్రాణాలతో ఉన్నదాన్ని వదిలినవాడిపై కేసు ఉండకూడదు. 8 కిలోమీటర్ల గీత నిజంగా కాపాడాలి, ఎందుకంటే ఆ గీత లోపలే పిల్ల చేపలు పెరుగుతాయి. కృష్ణ ముఖద్వారంలో, కోరింగలో మడ అడవుల్ని రొయ్యల చెరువులకు ఇవ్వడం ఆపాలి. ఈ నిర్ణయాలు చేసే కమిటీలో తెప్ప మీద వెళ్లేవాళ్లు ఉండాలి. చేపలమ్మే ఆడవాళ్లు కూడా ఉండాలి, ఏ రకం ఎన్నేళ్లుగా తట్టలోకి రావట్లేదో వాళ్లకే ముందు తెలుస్తుంది.

వాళ్లకూ మనలాగే అడ్వాన్సు ఇచ్చిన సావుకారు ఉన్నాడు. పూత మీద తోట రాయించుకున్నవాడు మన కాయకు ధర కడతాడు, వాళ్ల చేపకు బోటు ఇంజనుకు అప్పిచ్చినవాడు కడతాడు. ఆ అప్పు తీరనంత కాలం చిన్న సొరను వదిలేయమని చెప్పడం తేలిక, వదలడం కష్టం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగుతుంది. ఆ రోజులకు ఇచ్చే భృతిని 2025లో 20,000 చేశారు. పది వేల నుంచి పెరగడం వాళ్లు కొట్లాడబట్టే. మనకు అదే కోతల కాలం, ఊపిరాడదు. అయినా మండలానికి ఇద్దరు చొప్పున మే మొదటి వారంలో గిలకలదిండి రావాలి. అర్జీ అక్కడే వాళ్లతో కూర్చుని రాద్దాం. పేర్లు ఇవాళే ఇవ్వండి, రిజిస్టరు గుమ్మం దగ్గరున్న బల్ల మీద ఉంది.