అవిటి నుంచి దివ్యాంగ దాకా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



30 ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి మాటల గురించే మాట్లాడతాను. అదీ నాకు దగ్గరి చుట్టరికం ఉన్న మాటల గురించి. రెండో ఏట పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. ఈ బడిలో చదివినన్నాళ్లూ నా అసలు పేరు హాజరుపట్టీలోనే ఉండేది. బయట నన్ను ఏమని పిలిచేవారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇవాళ పొద్దున గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆ పేరుతోనే పలకరించారు, ప్రేమగానే.

కుంటి, గుడ్డి, చెవిటి, మూగ. ఇవి పుట్టుకతో తిట్లు కావు. ఉన్న స్థితిని చెప్పే తెలుగు మాటలు. కానీ వాటికి మనం వేరే పనులు అప్పగించాం. నమ్మరాని సాకు కుంటిసాకు అయింది. వెలుగు చాలనిది గుడ్డిదీపం, ఆలోచన లేనిది గుడ్డి నమ్మకం, చెల్లనిది గుడ్డిగవ్వ. ఎంత చెప్పినా ఎక్కని వాడి గురించి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్నాం. ఊళ్లోని లోపాలన్నీ ఆ నాలుగు మాటల నెత్తినే పెట్టాం. ఇక ఆ మాటతో మనిషిని పిలిస్తే కాలొక్కటే గుర్తుకు రాదు, చేతకానితనం కూడా వెంట వస్తుంది.

అప్పుడు సంస్కృతం వైపు వెళ్లాం. అవిటివాడు అనే బదులు వికలాంగుడు అంటే గౌరవం అనిపించింది. ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా జరిపింది. బస్సు పాసుల మీద, పింఛను కాగితాల మీద ఆ మాటే. విడదీసి చూస్తే ‘వికల’ అంటే లోపం ఉన్న అనే అర్థం. అయినా చాలాకాలం ఎవరికీ గుచ్చుకోలేదు. సంస్కృతంతో ఉన్న సుఖం అదే, అర్థం వెంటనే తగలదు. తగలడం మొదలయ్యాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులోకి విభిన్న ప్రతిభావంతులు వచ్చారు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ‘దివ్యాంగ’ అనమన్నారు. ఆ మాట వద్దని దేశంలో చాలా వికలాంగ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. నాకూ నచ్చదు. నా ఎడమ కాలిలో దివ్యత్వం ఏమీ లేదు, వానాకాలం వస్తే నొప్పి తప్ప.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఇడియట్, ఇంబెసైల్ అన్నవి ఒకప్పుడు డాక్టర్లు కాగితం మీద రాసిన మాటలు. వాటి సరసన మోరాన్ అనే మాటను 1910లో హెన్రీ గొడార్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చేర్చాడు. మూడూ తిట్లయ్యాయి. తర్వాత వాడుకలోకి వచ్చిన మెంటల్ రిటార్డేషన్ కూడా తిట్టే అయింది. 2010లో రోసా చట్టంతో అమెరికా దాన్ని ఫెడరల్ చట్టాల్లోంచి తీసేసింది. బ్రిటన్‌లో స్పాస్టిక్స్ సొసైటీ అయితే 1994లో తన పేరునే స్కోప్‌గా మార్చుకుంది. కారణం, బడి పిల్లలు స్పాస్టిక్ అని ఒకరినొకరు తిట్టుకోవడం.

బడి పిల్లలు అన్నాను కదా, అక్కడ కాసేపు ఆగాలి. మాట పాడయ్యేది నిఘంటువులో కాదు. ఆటస్థలంలో, సినిమా హాల్లో. నత్తివాడినో చెవిటివాడినో చూపించి నవ్వించిన తెలుగు సినిమాలు ఎన్ని చూడలేదు మనం? 2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక సినిమా కేసులో మంచి తేడా చెప్పింది. వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వైకల్యం ఉన్న మనిషిని కించపరిచే హాస్యం వేరు అని.

ఎలాగూ పాడయ్యేదే కదా, మాట మార్చడమెందుకు అని స్టాఫ్ రూములో ఒక మిత్రుడు వాదించేవారు. నేను ఒప్పుకోను. కొత్త మాట పాడవడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ కొన్నేళ్లలో బడిలో చేరే పిల్ల ఒక తిట్టు తక్కువ వింటుంది. అది చిన్న లాభమేమీ కాదు.

ఇప్పుడు ఇక్కడ పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులకు ఒక మాట. సర్టిఫికెట్‌లో ఏ పదం రాయాలో ప్రభుత్వం చెబుతుంది. తరగతిలో పక్కవాడిని ఏమని పిలవాలో చెప్పాల్సింది మీరు. అసలు పేరుతో పిలిపించండి.

ఇంకొక్క సంగతి. ఈ వేదికకు 7 మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఇద్దరు మిత్రులు చెయ్యిచ్చి ఎక్కించారు, దించడానికీ వాళ్లే రావాలి. స్వర్ణోత్సవ నిధితో కట్టబోయే గదుల ప్లానులో ర్యాంపు ఉందో లేదో కార్యదర్శిగారు ఇవాళే చూసి చెప్పాలని కోరుతున్నాను. సెలవు.