పక్క తడిపే పిల్లల్ని కొట్టకండి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేనివాళ మాట్లాడబోయే విషయం సభల్లో ఎవరూ ఎత్తరు. ఇళ్ళల్లో కూడా గుసగుసగానే చెప్పుకుంటారు. అదే, పిల్లలు నిద్రలో పక్క తడపటం. సిగ్గు విడిచి ముందే చెబుతున్నాను: పదేళ్ళు నిండేదాకా నేనూ తడిపినవాణ్ణే. తెల్లవారకముందే లేచి చాప చుట్టి దాచేవాణ్ణి. ఒకనాడు అమ్మ అట్లకాడ కాల్చి చూపించింది. వాత పెట్టలేదు గాని, ఆ భయం నేటికీ మరువలేదు. ఆమెను తప్పుపట్టను. వీడికి బద్ధకమని నలుగురూ అంటుంటే నమ్మింది, అంతే.

అది బద్ధకం కాదు. ఎందుకో వినండి.

మన మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉన్నది. దాని నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. నీళ్ళు బయటికి వదలకుండా వెనక్కి తీసుకొమ్మని మూత్రపిండాలకు కబురు చెప్పేది అదే. సాధారణంగా రాత్రివేళ ఇది పెరుగుతుంది. కాబట్టి మూత్రం తక్కువగా, చిక్కగా తయారవుతుంది. తెల్లవార్లూ హాయిగా నిద్రపోతాం. డెన్మార్కులోని ఆర్హుస్ నగర పరిశోధకులు పక్క తడిపేవారి రక్తాన్ని పగలూ రాత్రీ పరీక్షించారు. రాత్రి రావలసిన ఆ పెరుగుదల వారిలో కనబడలేదని 1989లో ప్రకటించారు. హార్మోను చాలకపోతే మూత్రం పగటిలాగే తయారై, రాత్రికి రాత్రే మూత్రాశయం నిండిపోతుంది. పిల్లవాడికేమో మెలకువ రాదు.

అందరికీ ఇదే కారణం కాదు. కొందరికి మూత్రాశయం కొద్దిగానే పట్టుకుంటుంది. వంశపారంపర్యం కూడా ఉన్నది. కొట్టబోయే తండ్రి తన చిన్నతనం సంగతి ఒకసారి వాళ్ళమ్మను అడిగి చూడాలి!

మరి ఏం చేయాలి? అయిదేళ్ళలోపు చింతే వద్దు. ఆపైన, పగలు నీళ్ళు బాగా తాగించి పొద్దుపోయాక తగ్గించండి. పడుకునేముందు మూత్రానికి పంపండి. మలబద్ధకముంటే నయం చేయించండి. తడి తగలగానే మోగే అలారం దొరుకుతుంది. ఓపికగా రెండు మూడు నెలలు వాడాలి. హార్మోనుకు మారుగా పనిచేసే డెస్మోప్రెసిన్ అనే మందు ఉన్నది. అది డాక్టరు చెబితేనే వాడాలి. వేసుకోవటానికి గంట ముందునుంచి, వేసుకున్నాక ఎనిమిది గంటలదాకా నీళ్ళు బాగా తగ్గించాలి. లేకుంటే రక్తంలో ఉప్పు పడిపోయి ఫిట్సు రావచ్చు.

ఆరు నెలలు మానినవాడు మళ్ళీ మొదలుపెట్టినా, విపరీతమైన దాహం వేసి చిక్కిపోతున్నా, మూత్రంలో మంట ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. దాహంతో చిక్కిపోవటం చక్కెర వ్యాధి కావచ్చు.

రేపు తెల్లవారి మీ ఇంట్లో పక్క తడిస్తే, పదిమంది చూడకుండా దుప్పటి మార్చండి. "ఇది నీ తప్పు కాదు బిడ్డా" అని ఒక్క మాట చెప్పండి. నాకు ఆ వయసులో ఎవరూ చెప్పని మాట అది. సెలవు.