నీడ కూడా హక్కే
(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగం)



2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 1,700 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లే.

మనకు ఏసీలు లేవు. పొద్దున ఆరుకే చేలో దిగి, పదకొండుకు ఒడ్డెక్కుదాం. దాహం వేయకముందే ఉప్పు మజ్జిగో అంబలో తాగుదాం. రేకుల ఇంటిపై సున్నం కొడదాం, ముందు తాటాకు పందిరి వేద్దాం.

ఎండలో ఎవరికైనా మాట తడబడితే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.

ఉపాధి పని దగ్గర నీడ, తాగునీరు, మందుల పెట్టె చట్టమిచ్చిన హక్కు. లేనిచోట సంఘానికి చెప్పండి, మండల ఆఫీసు ముందు కూర్చుందాం.

మన చేలో కూలీలకూ అదే న్యాయం. ఎండకు పని ఆపితే కూలి కోయొద్దు.