మన కాగితం మనకు వినబడాలి
(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల గురించీ గిట్టుబాటు ధర గురించీ ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటున్నాం. ఈ రోజు ఒక కాగితం గురించి చెప్పదలుచుకున్నాం.

మన సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. షుగరు వ్యాధితో చూపు పోయింది. ఆయన ఎకరంన్నర పొలానికి రీసర్వే నోటీసు వచ్చింది. చూసినవాళ్లు "ఏదో సర్వే కాగితమట" అని చూరులో దోపారు. గడువు దాటాక తెలిసింది, విస్తీర్ణంలో ఆరు సెంట్లు తగ్గిందని. "నా భూమి కాగితం నేను తప్ప ఊరంతా చూశారు" అన్నారాయన. అందులో మన తప్పూ ఉంది. మనలో ఒక్కరమూ ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించలేదు.

ఇది దయ చూపాల్సిన విషయం కాదు, హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్, ప్రభుత్వ పత్రాలన్నీ వికలాంగులకు అందుబాటులో ఉండే రూపంలో ఉండాలంటోంది. 2005 సమాచార హక్కు చట్టం 7(4) ప్రకారం, చూపు లేనివారికి సమాచారం అందేలా అధికారే సాయం చేయాలి. రాయలేనివారు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయపడాల్సిందీ ఆ అధికారే.

అడిగేటప్పుడు మాత్రం స్పష్టంగా అడగాలి. "కంప్యూటర్ కాపీ ఇవ్వండి" అంటే స్కాన్ చేసిన పీడీఎఫ్ చేతిలో పెడతారు. చదివి వినిపించే ఫోనుకు అది ఉత్త ఫొటో. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలైతే ఫోను అర్థంలేని అక్షరాలు పలుకుతుంది. అందుకే "యూనికోడ్ తెలుగులో టైపు చేసిన ఫైలు కావాలి" అని రాయండి. పెద్ద వయసులో చూపు పోయినవారిలో చాలామందికి బ్రెయిలీ రాదు. కాబట్టి మనిషిని అడిగి, ఆయనకు పనికొచ్చేదే కోరాలి. శక్తికి మించిన పని అవుతుందంటూ అడిగిన రూపంలో ఇవ్వడానికి నిరాకరించే వీలు 7(9)లో అధికారికి ఉంది. అందుకని "అది కుదరకపోతే పెద్ద అక్షరాల్లో, అదీ కాకపోతే రికార్డు తనిఖీకి పిలిచి చదివి వినిపించండి" అని కూడా చేర్చండి.

మన రాష్ట్రంలో గ్రామ స్థాయి దరఖాస్తుకు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న పేదలకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేయాలి. రసీదు తీసుకోవడం మరవకండి.

ప్రతి గ్రామ కమిటీ ఇద్దరిని ఎంచుకోవాలి. అడంగల్, 1-బి, బీమా జాబితా, నోటీసు ఏది వచ్చినా చూపు లేని సభ్యుల ఇంటికి వెళ్లి పూర్తిగా చదివి వినిపించాలి. సారాంశం చెప్పి వచ్చేయకూడదు.

చివరిగా ఒక మాట. మన పత్రికను మనమూ ఇన్నేళ్లుగా అను ఫాంట్లలోనే కూరుస్తున్నాం. వచ్చే నెల నుంచి యూనికోడ్ ఫైలు కూడా సభ్యులకు పంపుతాం. ఆఫీసును అడిగే ముందు మన ఇల్లు చక్కదిద్దుకుందాం.