సమన్లు అంటే శిక్ష కాదు

(ప్రసంగ పాఠం)



విజయవాడ వన్ టౌన్‌లో కాగితం లేనిదే పని జరగదు. కాళేశ్వరరావు మార్కెట్‌లో సరుకు కొంటే చీటీ. కొండ మీద ఇంటికి పన్ను రసీదు. అప్పు తీసుకుంటే ప్రోనోటు. చదువు నేర్చుకున్న ఆడవాళ్లు ఇప్పుడు వీటిని తామే చదువుకుంటున్నారు. కానీ కోర్టు కాగితం వస్తే మాత్రం చాలామందికి చేతులు వణుకుతాయి. అక్షరాలు తెలుసు, మాటకు అర్థం తెలియదు. 'సమన్లు' అని చదివి 'జైలు' అనుకుంటారు.

ఇందులో చదివేవాళ్ల తప్పు లేదు. కోర్టు మాటలు చాలావరకు తెలుగు మాటలు కావు. వకాల్తా, జామీను, వాయిదా, దస్తావేజు - ఇవి నవాబుల కాలంలో వచ్చినవి. నోటీసు, సమన్లు, వారెంటు, డిక్రీ - ఇవి ఇంగ్లీషువాళ్ల కాలంలో వచ్చినవి. వచ్చేటప్పుడు కొన్ని మాటల అర్థం కూడా మారిపోయింది. 'ముద్దాయి' అనే మాట చూడండి. ఉర్దూలో ఆ మాటకు దావా వేసిన మనిషి అని అర్థం. తెలుగులో నేరం మోపబడిన మనిషి అని అర్థం. ఒకే మాట, అటు మనిషి ఇటు అయ్యాడు! ఇంకో సంగతి. ముద్దాయి అంటే నేరస్తుడు కాదు. నేరం రుజువై, కోర్టు తీర్పు చెప్పిన తర్వాతే నేరస్తుడు.

ఇప్పుడు ఒక్కొక్క మాట చూద్దాం.

నోటీసు: ఇది వకీలు కూడా పంపవచ్చు. "నా కక్షిదారుకు మీరు ఇంత బాకీ ఉన్నారు", "ఇల్లు ఖాళీ చేయండి" అని రాస్తారు. వకీలు నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. దాన్ని చూపించి అద్దెకున్నవాళ్ల సామాను వీధిలో పడెయ్యడానికి వీల్లేదు. అలాగని చించి పొయ్యిలో పెట్టకూడదు. జవాబు ఇవ్వాలి.

సమన్లు: ఇది కోర్టు పిలుపు. ఫలానా తేదీన కోర్టుకు రమ్మని చెప్పే కాగితం. సాక్షికి కూడా సమన్లు వస్తాయి. ఇది శిక్ష కాదు.

వారెంటు: ఇది పట్టుకు రమ్మని కోర్టు ఇచ్చే ఉత్తర్వు. దాని మీద జడ్జి సంతకం, కోర్టు ముద్ర ఉంటాయి. చూపించమని అడగవచ్చు. కొన్ని నేరాల్లో పోలీసులు వారెంటు లేకుండా కూడా అరెస్టు చెయ్యవచ్చు. కానీ పొద్దుగూకిన తర్వాత, తెల్లవారే లోపల ఆడమనిషిని అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరి అయితే మహిళా పోలీసు అధికారి మేజిస్ట్రేటు అనుమతి ముందుగా తీసుకోవాలి. ఫోనులో 'డిజిటల్ అరెస్టు' చేశామని బెదిరించి డబ్బు గుంజేవాళ్లు ఈమధ్య తయారయ్యారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు.

ఎఫ్.ఐ.ఆర్.: నేరం జరిగిందని పోలీసులకు చెబితే వాళ్లు మొదట రాసుకునే కాగితం. రాసింది చదివి వినిపించాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. చదువు వచ్చినవాళ్లు తామే చదివి, అప్పుడు సంతకం పెట్టాలి.

స్టే: కొంతకాలం ఆపమని చెప్పడం. స్టే వస్తే గెలిచినట్టు కాదు.

డిక్రీ: సివిల్ దావాలో ఎవరికి ఏం రావాలో కోర్టు తేల్చి ఇచ్చేది.

ఒక ఇంటి సంగతి అనుకోండి. మగవాళ్లు పనికి పోయారు. అత్త, కోడలు ఉన్నారు. కోర్టు అమీనా వచ్చి పిలిచాడు.

"అత్తయ్యా, మామయ్యగారి పేరున కోర్టు కాగితం అట."

"మనకెందుకే ఆ గోల! మగవాళ్లు లేరని చెప్పి పంపించెయ్."

అతను వెళ్లిపోయాడు. ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మరి దావా ఆగిందా? ఆగలేదు. కాగితం తీసుకోకపోతే నకలు గుమ్మానికి అంటించి పోవచ్చు. కోర్టు దాన్ని అందినట్టే లెక్క కట్టవచ్చు. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా వెయ్యాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా గడువు ఇవ్వవచ్చు. అప్పటికీ ఎవరూ పోకపోతే అవతలివాళ్ల మాట ఒక్కటే విని డిక్రీ ఇస్తారు. దాన్నే ఎక్స్ పార్టీ డిక్రీ అంటారు. పదివేలు అప్పు తీసుకుని, ప్రోనోటులో లక్ష రాసి ఉందనుకోండి. ఆ సంగతి చెప్పే మనిషే కోర్టులో లేకపోతే లక్షకే డిక్రీ కావచ్చు. ఆ తర్వాత ఇంటికి జప్తు రావచ్చు. ఎక్స్ పార్టీ డిక్రీ కొట్టెయ్యమని అడగడానికి కూడా 30 రోజులే గడువు. అందుకే ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టకూడదు.

మరి ఆ కాగితం కోడలు తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. సివిల్ కేసుల్లో ఇంట్లో ఉండే వయసొచ్చిన మనిషి, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, సమన్లు అందుకోవచ్చని 1976లో చట్టం మార్చారు. క్రిమినల్ కేసుల్లో మాత్రం 1973 నాటి చట్టం ఇంట్లో మగమనిషికే ఇవ్వమంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. అందులో 'మగ' అనే మాట తీసేశారు. యాభై ఏళ్లకు చట్టం ఆడవాళ్ల చేతికి కాగితం ఇచ్చింది. ఇక చదవడం ఆడవాళ్ల వంతు.

కాగితం చేతికి రాగానే మూడు చూడాలి. ఎవరు పంపారు - వకీలా, కోర్టా? ఎవరి పేరున వచ్చింది? వాయిదా ఏ తేదీ? ఆ తేదీని గోడ క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టాలి.

వకీలుకు డబ్బు లేదని ఊరుకోవద్దు. 1987లో న్యాయసేవల చట్టం చేశారు. అది 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఆస్తి, ఆదాయం ఎంత అని చూడరు. విజయవాడ కోర్టుల్లో న్యాయసేవల కమిటీ ఉంది. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు. వకీలు 'వకాల్తా' మీద సంతకం అడుగుతారు. నా తరఫున మీరు వాదించండి అని అధికారం ఇచ్చే కాగితం అది. అందులో రాజీ చేసే అధికారం కూడా ఉందేమో చదివి చూసుకోవాలి.

రాజీ అన్న మాట కూడా తెలియాలి. లోక్ అదాలత్‌లో రెండు పక్షాలు ఒప్పుకుంటే కేసు అక్కడితో ముగుస్తుంది. ఖర్చు తగ్గుతుంది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. కానీ ఆ తర్వాత అప్పీలు లేదు. మనోవర్తి ఎంత, ఏ తేదీకి ఇస్తారు, ఇల్లు ఎవరికి - అన్నీ రాశారో లేదో చదవాలి. పెద్దమనుషులు తొందరపెట్టినా సరే, అర్థం కాని మాట ఉంటే సంతకం ఆపాలి. "ఈ మాటకు అర్థం ఏమిటండీ?" అని అడగాలి. అడగడం చిన్నతనం కాదు.

వేలిముద్ర వేసేవాళ్లను ఎవరూ చదవమనలేదు. సంతకం పెట్టే మనిషి చదివిందనే అందరూ అనుకుంటారు. కాబట్టి ముందు చదవండి. తర్వాత అడగండి. ఆఖరున సంతకం పెట్టండి.