మందు పడటం, పడకపోవడం



ఎవరి పేరిట ఈరోజు ఇక్కడ చేరామో, ఆ గురువుగారు రోగి లేచి వెళ్లేముందు ఒక మాట అడిగేవారు: "మందు పడుతోందా?" పనిచేస్తోందా అని కాదు. చెవిలో మాటలు వినిపించడం తగ్గించిన మాత్రే పదిహేనేళ్ల కుర్రాడి మెడ బిగించేయవచ్చు. పడితే డాక్టరుగారి హస్తవాసి అంటాం. పడక మానేస్తే పిల్లవాడి మొండితనం అంటాం. నిజానికి అందులో కొంత వాటా పుట్టుకతో వచ్చిన జన్యువులది.

1975లో లండన్ సెయింట్ మేరీస్ వైద్యకళాశాలలో రాబర్ట్ స్మిత్ అనే శాస్త్రవేత్త, డెబ్రిసోక్విన్ అనే రక్తపోటు మందును సహచరులతో పాటు తానూ మింగాడు. వాళ్లంతా బాగానే ఉన్నారు. ఆయన మాత్రం రక్తపోటు పడిపోయి నిలబడలేకపోయాడు. ఆయన కాలేయం ఆ మందును విరగ్గొట్టలేకపోయిందని తర్వాత తేలింది. ఆ దారిలో దొరికిందే సి.వై.పి.2డి6 ఎంజైము. దాని జన్యువు 22వ క్రోమోజోము మీద ఉంది.

మానసిక వైద్యంలో మన పిల్లలకు తరచుగా రాసే రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ రెండూ ఈ ఎంజైము చేతిలో పడవలసినవే. అది మందకొడిగా ఉన్నవారిలో మందు పేరుకుంటుంది. అలాంటివారికి అరిపిప్రజోల్ సగం మోతాదు చాలని అమెరికాలో మందు వివరపత్రంలోనే రాసి ఉంటుంది. ఇంకో చిక్కు: జన్యువు సవ్యంగానే ఉన్నా, దిగులుకు ఫ్లువోక్సెటిన్ కూడా రాస్తే ఆ ఎంజైము అణగిపోతుంది. జన్యు రిపోర్టు ఒకటి చెబుతుంది, ఒళ్లు ఇంకొకటి చెబుతుంది.

అయితే ఈ మందులు వాడే కౌమార వయసు పిల్లల్ని అన్నిటికంటే కుంగదీసేది బరువు. న్యూయార్కులో 4 నుంచి 19 ఏళ్ల లోపు 272 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, పదకొండు వారాల్లోపే, ఇదే కోవకు చెందిన ఓలాంజపిన్ వాడినవారు సగటున 8.5 కిలోలు, రిస్పెరిడోన్ వాడినవారు 5.3 కిలోలు పెరిగారు. మందు వాడనివారు పెరిగింది 0.2 కిలో. ఇది సగటు మాత్రమే. అదే మోతాదుకు ఒకరు పట్టనట్టుంటారు, ఇంకొకరికి నెలలో బట్టలు పట్టవు. ఆకలిని అదుపుచేసే ఎం.సి.4ఆర్ జన్యువు పక్కనున్న ఒక తేడా రెండు ప్రతుల్లోనూ ఉన్న పిల్లలు మిగతావారికన్నా దాదాపు రెట్టింపు బరువు పెరిగారని 2012లో వెల్లడైంది. అద్దంలో చూసుకుని మాత్రల్ని దిండు గలీబులో దాచిన అమ్మాయిని నేను మందలించాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

జన్యువుకూ మందుకూ ఉన్న లంకె మన తెలుగునాట కొత్తేమీ కాదు. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి, ఆపరేషను వేళ కండరాల్ని సడలించే సక్సినైల్ కోలిన్ ఇస్తే ఊపిరి కండరాలు చాలాసేపు తేరుకోవు. అందుకే మత్తు డాక్టర్లు ముందే ఆరా తీస్తారు. అక్కడ ఒక్క జన్యువు తప్పితే చాలు. మానసిక వైద్యంలో అంత సులువు లేదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం లాగుతాయి. కనుక ప్రతి పిల్లవాడికీ జన్యుపరీక్ష రాయమని నేను చెప్పను. తక్కువ మోతాదుకే బిగుసుకుపోయినవాడికీ, రెండు మందులు పడనివాడికీ రాయండి.

మిగతా అందరికీ బరువు తూచే యంత్రం ఉంది, నడుము కొలిచే టేపు ఉంది. మొదటి చీటీ రాసేముందు తల్లిని అడగండి: "అమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా ఏ మందైనా పడలేదా?"